ఎద్దు ఆగిన చోటే మజిలీ



కర్నూలు జిల్లా ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వరస్వామి తేరు, జాతర పుష్య పౌర్ణమికి. ఆ పౌర్ణమి 2023లో జనవరి 6న వచ్చింది, 2024లో జనవరి 25న వచ్చింది. అంటే ఒక ఏడు సంక్రాంతికి ముందు, ఒక ఏడు సంక్రాంతి తర్వాత. ఈ సంగతి పట్టించుకోకుండా పండగ సెలవులకు ఊరికొచ్చి, జాతర అప్పుడే అయిపోయిందా అని కొందరు, ఇంకా పది రోజులుందా అని కొందరు ఉసూరుమనడం మా వైపు మామూలే. బండి కట్టే ఇళ్ళలో మాత్రం ఆ గోల ఉండదు. పౌర్ణమి అంటే వెన్నెల. వెన్నెల ఉంటే ఎద్దును ఎండలో అలవనీయకుండా రాత్రిపూట చల్లగా తోలుకుపోవచ్చు. వాళ్ళ లెక్క అంతే.

ఆ బండి ప్రయాణం గురించే ఈ రోజు నాలుగు మాటలు. చంకలో పిల్ల నుంచి చేతికర్ర అవ్వ దాకా ఇల్లంతా బండెక్కి, పశువుల మధ్య ఆరుబయట వండుకుని, తిని, పడుకుని, మళ్ళీ కదిలిపోయే ప్రయాణం. ఇప్పుడు దీన్ని క్యాంపింగ్ అంటున్నారు. డబ్బు పోసి డేరాలు కొంటున్నారు, ఎక్కడ వేసుకోవాలో తెలియక హోటళ్ళ వెనక పచ్చిక మీద వేసుకుంటున్నారు.

ఆస్ట్రేలియాలో ఇది కుటుంబాలకు పెద్ద సరదా. ఆ దేశం నడిమధ్యన మనిషి అలికిడి లేని మైదానాల్లో పెద్ద పెద్ద పశువుల క్షేత్రాలున్నాయి. దక్షిణ ఆస్ట్రేలియాలో ఆనా క్రీక్ అని ఒకటుంది, ప్రపంచంలోకెల్లా పెద్దదని పేరు. దాని విస్తీర్ణం 15,000 చదరపు కిలోమీటర్ల పైమాటే. 2022లో నంద్యాల వేరుపడ్డాక మన కర్నూలు జిల్లాకు మిగిలింది దాదాపు 8,000. అంటే ఆదోని, ఆలూరు, పత్తికొండ, ఎమ్మిగనూరు, కర్నూలు, వీటి పల్లెలు, చెరువులు, గుట్టలు అన్నీ కలిపి ఒక జిల్లా అయితే, అలాంటివి దగ్గర దగ్గర రెండు అక్కడ ఒకే పశువుల దొడ్డి. మందలను హెలికాప్టర్లతోనూ మోటారు సైకిళ్ళతోనూ తోలుతారు. సెలవులొస్తే పట్నాల కుటుంబాలు జీపుల్లో నీళ్ళూ తిండీ అదనపు టైర్లూ వేసుకుని ఆ మట్టిదారుల్లో వారాల తరబడి పోతాయి. క్షేత్రం వాళ్ళను ముందే అడిగి, వాళ్ళు చూపించిన చోట డేరా వేస్తాయి. గేటు తెరిస్తే మళ్ళీ మూసి పోవాలి. అది అక్కడ పెద్ద మర్యాద. మరిచిపోతే మంద మందే బయటపడుతుంది మరి.

ఇక్కడో చిన్న బంధుత్వం ఉంది, చెప్పకుండా పోలేను. ఉత్తర ఆస్ట్రేలియాలో మేసే మూపురపు పశువులను బ్రాహ్మన్ జాతి అంటారు. మన దేశం నుంచి పోయిన జాతులను కలిపి అమెరికాలో పెంచిన జాతి అది. దాన్ని 1933లో అమెరికా నుంచి క్వీన్స్‌లాండ్‌కు తెచ్చారు. ఎండకు తట్టుకుంటుంది, పిడుదులకు తట్టుకుంటుంది. ఆ కలిపిన జాతుల్లో మన ఒంగోలు ఒకటి. బ్రెజిల్ సంగతి ఇంకా పెద్ద కథ. 1960ల మొదట్లో ఒంగోలు దగ్గర కరవది ఊరి గిత్త ఒకటి ఆ దేశం చేరి, అదే ఊరి పేరుతో అక్కడ వంశాన్ని నిలబెట్టింది. అలా మన కోడెలు సముద్రాలు దాటాయి. మనం మాత్రం ఎమ్మిగనూరు దాకా పోదాం.

ఆస్ట్రేలియా కుటుంబం పశువులుండే చోటికి పోతుంది. మా వైపు కుటుంబం పశువులతో పోతుంది. అందుకే ఎంతసేపు నడవాలి, ఎక్కడ ఆగాలి, ఎప్పుడు లేవాలి, అన్నీ ఎద్దు కడుపును బట్టి, ఎద్దు కాలిని బట్టి. మనిషికి ఆకలైతే బండి ఆగదు, బండిలోనే రొట్టె తుంచుకుంటాడు. ఎద్దుకు దప్పికైతే బండి ఆగుతుంది. చెరువుకట్ట, బావి, తోపు, కాలువ గట్టు ఇవే మజిలీలు. తుంగభద్ర దిగువ కాలువ వచ్చాక ఆదోని, ఎమ్మిగనూరు వైపు బండ్లకు కొత్త మజిలీలు దొరికాయి. అయితే కాలువలో నీళ్ళుంటేనే. లేకపోతే ఎప్పటిలాగే ఊరి బావి, ఊరివాళ్ళ దయ.

ప్రయాణానికి ముందు చేసే పనులు చూస్తే దీన్ని ఎంత శ్రద్ధగా కట్టేవారో అర్థమవుతుంది. పాత కొయ్యచక్రాల బండికి ఇరుసు దగ్గర కందెన వేయాలి. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి, వెదురు గొట్టంలో నింపి, బండి కింద వేలాడదీసేవారు. దారిలో చక్రం కీచుమన్నదంటే దిగి, కడచీల తీసి, చక్రాన్ని కొంచెం బయటికి లాగి, పుల్లతో కందెన పూసి మళ్ళీ నెట్టాలి. పిల్లలకు ఆ గొట్టం ముట్టుకోవద్దని చెప్పడం, వాళ్ళు ముట్టుకోవడం, కొత్త చొక్కాకు నల్ల మరక అంటడం ప్రతి ఇంట్లో జరిగే తంతు. టైరు బండ్లు వచ్చాక కందెన గొట్టాలు పోయాయి.

రెండోది లాడాలు. నల్లరేగడి దారుల్లో ఎద్దు గిట్టకు ఏమీ కాదు. కంకర రోడ్డెక్కిందా, గిట్ట అరిగిపోతుంది. ఎద్దును తాడుతో మెలివేసి నేల మీద పడేస్తారు. దాన్ని చూస్తే కొత్తవాళ్ళకు గుండె గుభేలుమంటుంది. నిజానికి ఒకడు తాడు వేసి ఒడుపుగా లాగితే ఎద్దు మోకాళ్ళ మీద కూర్చుని మెల్లగా ఒరిగిపోతుంది. నాలుగు కాళ్ళూ ఒకచోట కట్టి, కింద కర్ర ఊతం పెడతారు. ఎద్దు గిట్ట చీలి ఉంటుంది కనుక గుర్రానికి వేసినట్టు గుండ్రటి లాడం కుదరదు. చీలికకు ఒక రేకు, గిట్టకు రెండు రేకులు, ఎద్దుకు మొత్తం ఎనిమిది. లాడాలు కొట్టేవాడు ముందు గిట్ట అడుగును ఉలితో చదును చేస్తాడు. చిప్ప గీసినట్టు పలచటి పొరలు రాలతాయి. మేకులను నోట్లో పెట్టుకుని ఒక్కొక్కటి తీసి కొడతాడు. మేకు కొన గిట్ట పక్క నుంచి బయటికి రావాలి, లోపల మెత్తని కండకు తగలకూడదు. బయటికి వచ్చిన కొనను వంచి తుంచేస్తాడు. కట్లు విప్పగానే ఎద్దు లేచి, నాలుగడుగులు కాళ్ళు ఎత్తెత్తి వేస్తుంది. ఆ నడక చూసి ఇంటాయన తృప్తిగా డబ్బులు తీస్తాడు. కుంటితే తీయడు, వాదన మొదలవుతుంది.

మూడోది తిండి. మనుషుల తిండి మూటలో పడుతుంది, ఎద్దుల తిండికే బండిలో సగం చోటు. జొన్నచొప్ప కట్టలు కింద పరిచి, మీద బొంత వేస్తే అదే పరుపు. తినేకొద్దీ పరుపు తగ్గుతుంది. ఉలవలు, పత్తి గింజలు వేరే సంచుల్లో. మనుషులకు సద్దరొట్టెలు. పలచగా తట్టి, నువ్వులద్ది, గలగలమనేలా కాల్చినవి వారమైనా పాడుకావు. వాటిమీదికి గురెళ్ళ కారం, బుడ్డల పొడి, గడ్డపెరుగు ఉంటే పెరుగు. ఎమ్మిగనూరు చేరాక ఎలాగూ పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జి. ఈ జిల్లాలో ఏ జాతర మొదలైనా ముందు వెలిగేది ఉగ్గాని పొయ్యే అని నా నమ్మకం.

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు దాదాపు 30 కిలోమీటర్లు. ఇప్పుడది 167వ నంబరు జాతీయ రహదారి. బళ్ళారి వైపు హగరి నుంచి ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు మీదుగా మాధవరం దగ్గర తుంగభద్ర దాటి రాయచూరు పోతుంది. బస్సులో గంట. బండిలో, ఎద్దుల నడక గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు కనుక, ఒక రాత్రి నిండా. ఆలూరు అవతల వాళ్ళకు, రాయచూరు వైపు వాళ్ళకు రెండు మూడు మజిలీలు. ఎమ్మిగనూరు జాతరలో జరిగే పశువుల సంతకు కర్ణాటక వాళ్ళూ వస్తారు, తెలంగాణ గద్వాల వైపు వాళ్ళూ వస్తారు. రాష్ట్రాల సరిహద్దులు ఎద్దులకెక్కడ తెలుస్తాయి, మనుషులకే మూడుసార్లు మారాయి. 1953 అక్టోబరు 1 దాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లాలోనివే. ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు కర్నూలు జిల్లాలో కలిశాయి. అందుకే బేరం తెలుగులో మొదలై కన్నడంలో తెగుతుంది, లేదా కన్నడంలో చెడి తెలుగులో కుదురుతుంది.

ఈ నేల మీద డేరాలో బతికినవాళ్ళలో పెద్ద పేరున్నవాడు థామస్ మన్రో. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకు ప్రధాన కలెక్టరు. పొలాలు కొలిపించుకుంటూ ఊరూరా తిరిగాడు, డేరాయే కచేరీ, డేరాయే ఇల్లు. తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. పదవి దిగి స్వదేశం పోయేముందు పాత ఊళ్ళు ఒకసారి చూసి పోదామని బయలుదేరి, దారిలో కలరా సోకి, 1827 జులై 6న పత్తికొండలో చనిపోయాడు. ఆయన గుర్తుగా అక్కడ ప్రభుత్వం బావి కట్టించి, చెట్లతోపు వేయించింది. నాకు నచ్చింది అదే. బాటసారికి, బండెద్దుకు విగ్రహం కన్నా బావి నయం కదా.

సరే, జాతరకు చేరాం. బండి విప్పగానే కాడిని కిందికి దించరు, ఊతకర్ర మీద నిలబెడతారు. నొగలు పైకుంటే కింద మనుషులు పడుకోవచ్చు. ఎద్దులను చెరో చక్రానికి కడతారు, లేదా గూటాలు దిగ్గొట్టి పలుపుతో కడతారు. మూడు రాళ్ళు దొరికితే పొయ్యి. బండి మీద దుప్పటి కప్పితే గుడారం. పక్కబండి వాళ్ళతో పరిచయం నిప్పు అడగడంతో మొదలవుతుంది. అక్కా, కాస్త నిప్పిస్తావా అన్న మాట నుంచి సాయంత్రానికి మీ ఊళ్ళో మాకు చుట్టాలున్నారనే దాకా, మర్నాటికి మీ అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారా అనే దాకా పోతుంది. ఈ జాతరలో కుదిరిన పెళ్ళిళ్ళకు లెక్కలు ఎవరూ రాయలేదు గానీ, ఎద్దుల బేరానికి వచ్చి వియ్యంకులై పోయినవాళ్ళు మా వైపు ప్రతి ఊళ్ళో ఉంటారు.

ఎద్దుల బేరం చూడాలంటే తెల్లవారుజామునే లేవాలి. కొనేవాడు ముందు దూరం నుంచి నడక చూస్తాడు. తర్వాత మూపురం, గంగడోలు, తోక కుచ్చు. సుడులు చూస్తాడు. నొసట ఇక్కడుంటే మంచిది, వీపు మీద అక్కడుంటే ఇంటికి కీడు అని పెద్ద శాస్త్రమే ఉంది. నాకు దానిమీద నమ్మకం లేదు. కానీ ఆ సుడి పేరు చెప్పి వెయ్యి రూపాయలు తగ్గించగలడనే దాంట్లో నమ్మకముంది. చివర నోరు తెరిచి పళ్ళు చూస్తాడు. పశువుకు ముందుపళ్ళు కింది దవడకే, ఎనిమిది. పైన ముందువైపు గట్టి చిగురు తప్ప పళ్ళుండవు. పాలపళ్ళు ఊడి రెండు పెద్ద పళ్ళు వచ్చేసరికి రెండేళ్ళు దాటుతాయి. నాలుగు పళ్ళు మూడేళ్ళ ప్రాయం, ఆరు పళ్ళు నాలుగుకు దగ్గర. ఎనిమిదీ వచ్చాయంటే నోరు కలిసినట్టు. ఆ తర్వాత వయసు చెప్పడం అరుగుదల చూసి, అమ్మేవాడి ముఖం చూసి. ఈ పళ్ళ లెక్కే బండలాగుడు పోటీలకూ వాడతారు. పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన పెద్దవి. ధర మాత్రం నోటితో అడగరు. తువ్వాలు కింద చెయ్యి కలిపి, వేళ్ళు పట్టుకుని చెప్పుకుంటారు. చుట్టూ ఇరవై మంది చూస్తుంటారు, ఒక్కడికీ తెలియదు. ముఖాల్లో మాత్రం అంతా తెలుస్తుంటుంది.

ఆడవాళ్ళకు ఈ నాలుగు రోజులు సెలవని అనుకునేవాళ్ళున్నారు. ఆరుబయట పొయ్యి, చెంబు నీళ్ళకు లైను, చీకట్లో పిల్లలను వెతుక్కోవడం, పేడ ఎత్తడం, ఇదంతా సెలవైతే సెలవే. అయినా అడిగి చూడండి, పోకుండా ఉండరు. గాజులు, కంబళ్ళు, ఎద్దుల గజ్జెలు, పచ్చి శెనగ మండలు, బొరుగులు. ఆపైన తేరు. పుట్టింటివాళ్ళు అదే జాతరకు వస్తారు. ఏడాదికొకసారి అమ్మను కలిసే చోటు ఇదే అయిన కోడళ్ళు ఎందరో.

పశువులతో పోయే కుటుంబాలు ఇంకో రకం ఉన్నాయి. కురుబలు. పంటలు కోసిన పొలాల వెంట గొర్రెల మందను తోలుకుంటూ పోతారు. రాత్రికి ఎవరి చేలో మంద ఆపితే ఆ రైతు ధాన్యమో డబ్బో ఇస్తాడు. గొర్రెలు రాత్రంతా వేసే పెంట, పోసే ఉచ్చ ఆ నేలకు ఎరువు. చుట్టూ వల కడతారు, కుక్కలు కాపలా, కంబళి కప్పుకుని మనిషి పక్కనే. మర్నాడు ఇంకో మడి. వీళ్ళకు జాతర లేదు, తిరిగి వచ్చే తేదీ లేదు. వాన ఎటు పడితే అటు. క్యాంపింగ్ అనే మాటకు అసలైన పనివాళ్ళు వీళ్ళు. పొలం రైతు కబురంపితేనే మంద దిగుతుంది, చెప్పకుండా ఎవరి చేలోకీ దించరు. ఆస్ట్రేలియా వాళ్ళు ముందే అడిగి డేరా వేసే మర్యాదకూ దీనికీ తేడా ఏమీ లేదు.

ఆరుబయట బతికే మూడో రకం కుటుంబాల గురించి చెప్పకుండా ఈ ప్రసంగం ముగిస్తే అబద్ధమవుతుంది. జాతర బండ్లు ఎమ్మిగనూరు చేరే రోజుల్లోనే కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, ఆదోని మండలాల నుంచి కుటుంబాలు మూటాముల్లె కట్టుకుని లారీలు, బొలేరోలు ఎక్కుతుంటాయి. సుగ్గికి. గుంటూరు, పల్నాడు వైపు మిరపకాయలు కోయడానికి, తెలంగాణలో పత్తి తీయడానికి. బియ్యం, జొన్నపిండి, పొయ్యిసామాను, పిల్లలు, అన్నీ ఒకే బండిలో. అక్కడ చేను గట్టున పట్టలతో గుడిసె, మూడు రాళ్ళ పొయ్యి. చూడ్డానికి జాతర మజిలీకీ దీనికీ పెద్ద తేడా కనపడదు. అదే కుటుంబం, అదే ఆకాశం. బండికి కట్టిన ఎద్దులు మాత్రం ఉండవు. వాన తప్పి, మేత లేక, అప్పుకు ఎద్దులు అమ్మిన ఇళ్ళే ఎక్కువగా సుగ్గికి పోతాయి. అన్నీ అలాంటివేనని అనను. భూమీ ఎద్దులూ ఎన్నడూ లేనివాళ్ళూ పోతారు, అన్నీ ఉండీ నాలుగు డబ్బులు కళ్ళజూద్దామని పోయేవాళ్ళూ ఉన్నారు. ఊళ్ళో తాళాలు, అరుగుల మీద ముసలివాళ్ళు మిగులుతారు. పిల్లల చదువు ఆగిపోకుండా సమగ్ర శిక్ష వాళ్ళు సీజనల్ హాస్టళ్ళు పెడుతున్నారు. చంటిపిల్లలను మాత్రం ఏ హాస్టలూ చేర్చుకోదు కదా, వాళ్ళు మిరపచేల ఘాటులో చీర ఉయ్యాలల్లో నిద్రపోతారు. సరదాకు ఆరుబయట పడుకునేవాడికి నచ్చనప్పుడు ఇంటికి పోయే వీలుంటుంది. సుగ్గికి పోయినవాడు ముందే అడ్వాన్సు తీసుకుని ఉంటాడు. పని తీరేదాకా మేస్త్రీ మాటే మాట.

ఎద్దులు తగ్గిపోయాయి, ట్రాక్టర్లు వచ్చాయి, జాతరకు ఇప్పుడు గిత్తలే మినీ లారీల్లో నిలబడి వస్తున్నాయి. అందులో తప్పేముంది, వాటికీ కాళ్ళు నొప్పులే. పట్నంలో ఉండేవాళ్ళు పిల్లలకు ఈ ప్రయాణం చూపించాలనుకుంటే ఇప్పటికీ దారి ఉంది. ఆదోనిలో మొదలుపెట్టండి. పొద్దున పత్తి మార్కెట్ యార్డుకు పోయి, బండ్ల మీద తెల్లగా కుప్పలు పోసిన సరుకును చూడండి. తర్వాత కౌతాళం వైపు ఉరుకుంద. అక్కడి ఈరన్నస్వామి దగ్గరికి శ్రావణ మాసంలో లక్షల మంది వచ్చి, ఆరుబయటే వండి నైవేద్యం పెడతారు. సోమ, గురువారాల్లో కాలు పెట్టే చోటుండదు. పుష్య మాసంలో కాస్త ఊపిరాడుతుంది. అక్కడి నుంచి మంత్రాలయం, తుంగభద్ర ఒడ్డు. రాత్రికి ఎమ్మిగనూరు.

కారులో పోతే ఒక ఇబ్బంది ఉంది. కారు ఎక్కడా నీళ్ళు అడగదు. కనుక మీరే ఆపుకోవాలి. చెరువుకట్ట కనపడితే ఆపండి, గొర్రెల మంద ఎదురొస్తే ఇంజను కట్టేసి దాన్ని పోనివ్వండి, హారను కొట్టకండి. బెదిరిన గొర్రె ముందుకు పోదు, మీ కారు చుట్టూ తిరుగుతుంది. జాతరలో ఎద్దు వెనక నుంచి పోకండి, పక్క నుంచి మాట్లాడుతూ పోండి. ఫొటో తీసేముందు ఎద్దు యజమానిని అడగండి. దిష్టి పట్టింపు ఉన్నవాళ్ళు ఒప్పుకోరు. కొనే ఉద్దేశం లేకుండా ధర అడిగితే మర్యాదగానే చెబుతారు గానీ, రెండోసారి మీకు టీ ఇవ్వరు. జనవరి రాత్రులు నల్లరేగడి మీద చలి ఎక్కువ, స్వెట్టర్లు చాలవు. సంతలోనే కంబళ్ళు అమ్ముతారు, బేరమాడి ఒకటి కొనుక్కోండి.